అమ్మ చీర అంచులో ఆరు రేకులు

గనుల కంపెనీలో సర్వే పటాలు గీసే ఉద్యోగం పోయాక నాకు మిగిలినవి స్కేలు, బ్లేడు, పాత పటాల ప్రింట్లు. సత్యనారాయణపేటలో అన్నయ్య ఇంట్లో ఒక గది. ఇంగ్లిష్ పేపర్ పీసింగ్‌ను ఒక వీడియోలో చూశాను. దళసరి కాగితాన్ని కచ్చితమైన ఆకారంలో కోసి, దాని మీదికి గుడ్డ అంచులు మడిచి టాకా వేయాలి. అలాంటి ముక్కలను అంచుకు అంచు చేర్చి సన్నగా కుట్టి, చివర కాగితాలు తీసేయాలి. గుడ్డ సాగుతుంది, కాగితం సాగదు. అందువల్ల మూలలు పక్కకు జరగవు.

ఆ పాత ప్రింట్లనే కోసి మొదట షడ్భుజాలు కుట్టాను. అరవై డిగ్రీల డైమండ్ ముక్కలకు వచ్చాక గాని ఈ పద్ధతిలోని అసలు అవకాశం తెలియలేదు. అమ్మ పోయాక బీరువా తాళం వదిన చేతికి వెళ్లింది. అడగగా అడగగా ఒక్క ఇలకల్లు చీర ఇచ్చి, మిగతావి తర్వాత చూద్దామంది. ఆ చీర అంచులో చారలు ఒకేలా వచ్చే ఆరు చోట్ల ముక్కలు కోసి, కొనలు మధ్యలో కలిసేలా తిప్పాను. నిలువుగా సాగే ఎర్ర చారలు ఆరు రేకుల పువ్వయ్యాయి. పావు అంగుళం జరిపి కోస్తే వేరే పువ్వు. మగ్గం మీద ఎవరూ నేయని పువ్వులవి. అమ్మ గుడ్డతో నాదంటూ ఒకటి చేయగలనని అప్పుడే నమ్మకం కలిగింది.

వదిన గుమ్మంలో నిలబడి నవ్వేది. "ఏందమ్మా, కాగితానికి గుడ్డ తొడుగుతాండావు? దానికి చలేస్తాదా?"

ఆ పువ్వులన్నీ చేర్చి బొంతకు పైపొర కుట్టాను. చుట్టూ పట్టీ వేసేవరకు ఆకారం చెదరకూడదని ఒక్క కాగితమూ తీయలేదు. అంతలో కంప్లిలో పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. ఇంట్లో వదిన మనవరాలిని తొట్టెలలో వేసే వేడుక దగ్గర పడింది. మా వైపు బొంతను కౌది అంటారు. పసిబిడ్డ కౌది మెత్తగా ఉండాలని, కుట్టగానే వేడినీళ్లలో నానబెట్టి ఉతుకుతారు.

నేను తిరిగివచ్చేసరికి నా పువ్వుల పైపొర కౌదిగా మారి పెరట్లో తీగ మీద ఆరుతోంది.

"చూడమ్మా, ఇన్నాళ్లు నువ్వు ఈడ్చిందాన్ని పక్కింటోళ్లు, నేను కూచొని బిరబిరా ముగిస్తిమి," అంది వదిన.

"లోపల కాగితాలుండాయి గదా వదినా!"

"ఉంటే ఏమాయె? దబ్బణం దిగింది గదా."

కింద పాత దుప్పటి పరిచి, కాగితాలతో సహా కలిపి కుట్టేశారు. నీళ్లలో కాగితం గుజ్జయి, ఉండలు కట్టి గట్టిపడింది. ప్రింటు సిరా నల్లగా దిగి ప్రతి పువ్వుకూ మరకలు అంటాయి. కుట్లు విప్పబోతే నానిన పాత గుడ్డ పోగులుగా చీలింది.

"సుమ్మనుండమ్మా, ఊరికే రగడెందుకు, పాత చీరే గదా," అన్నాడు అన్నయ్య, ఫోను నుంచి తల ఎత్తకుండా.

బిడ్డ వీపుకు గుచ్చుకుంటోందని ఆ సాయంత్రమే దాన్ని వాషింగ్ మెషీన్ మీద కప్పారు. తొట్టెల వేడుక రోజు వంటింట్లో వదిన ఒక్కతే ఉన్నప్పుడు అడిగాను.

"అమ్మ చీర ఇంకొకటి ఇయ్యి వదినా. మళ్లీ మొదలుపెడతా."

"యాడుండాయి? పాత బట్టలకు స్టీలు సామానిచ్చేటోడు వస్తే అన్నీ ఏసేస్తి. మంచి డబరా ఇచ్చిపాయ." గరిటెతో పొయ్యి మీది గిన్నె అంచును తట్టి చూపింది. "ఇదే."

అందులో పాయసం ఉడుకుతోంది. ఒక గ్లాసు నిండా పోసి నా చేతికిచ్చింది. శుభకార్యంలో వద్దనకూడదు. తాగాను.