చేతికి వచ్చిన కాలివేలు

చెరుకు గానుగలో పడి నా కుడి బొటనవేలు పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. మా ఊరు హుస్నాబాద్ పక్కనే. బలపం పట్టే బాధ తప్పినందుకు లోలోపల సంతోషించాను కూడా. కానీ అన్నం ముద్ద చేతిలో నిలిచేది కాదు. ఎడమచేత్తో తింటుంటే చుట్టాలు మొహం తిప్పుకునేవారు. దాంతో అవ్వ, అంటే మా అమ్మ, పెళ్ళిళ్ళలో నన్ను పంక్తిలో కూర్చోబెట్టడం మానేసి, ఓ మూలకు తీసుకుపోయి తినిపించేది. నాకు ఏడుపొచ్చేది.

హైదరాబాదు పెద్దాసుపత్రిలో డాక్టరు నా చెయ్యి చూసి, తర్వాత కాళ్ళు చూశాడు. ఎడమ కాలి రెండో వేలు తీసి చేతికి పెడతానన్నాడు. బాపు, అంటే మా నాన్న, ఆయన ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు.

ముందు చేతిని తీసుకెళ్ళి ఆ కాలివేలికి కుట్టారు. చేతి రక్తం వేలికి అలవాటు పడేదాకా మూడు వారాలు చెయ్యీ కాలూ ఒకే పట్టీలో ఉంచారు. కట్టు చూడ్డానికి డాక్టరు నా కాలు పట్టుకున్నప్పుడల్లా, పెద్దవాళ్ళకు కాలు తగిలింది, మొక్కమని అవ్వ సైగ చేసేది. మొక్కాల్సిన చెయ్యి ఆ కాలికే కుట్టి ఉందాయె.

కాలి నుంచి వేరు చేసిన మర్నాడు డాక్టరు ఆ వేలిని సూదితో పొడిచాడు. నాకు నొప్పి తెలియలేదు. ఎర్రటి చుక్క ఒకటి పైకి తేలింది. నా కాలివేలు నా చేతి మీద బతికి ఉంది! అంత ఆశ్చర్యం నేను మళ్ళీ ఎరగను. అవ్వ అక్కడే నిలబడి కొండగట్టు దేవుడి దిక్కు దండం పెట్టింది.

ఇంటికొచ్చాక కొత్త గొడవ మొదలైంది. వేలు బాగానే నొక్కేది, స్పర్శే లేదు. అది పుస్తకానికి తగిలినా కాలు తగిలినట్టే అనిపించి, కళ్ళకద్దుకునేదాన్ని. అన్నంలో మాత్రం పెట్టేదాన్ని కాదు. కాలితో అన్నం ఎట్లా తింటారు? నెలలు గడిచాయి, నేను ఎడమచేత్తో తినడం మానలేదు.

ఒకరోజు అవ్వ వేడివేడి అన్నంలో పప్పు కలిపి, కంచం నా ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"ముందుగాల నాకు పెట్టు బిడ్డా. గా చేతితోనే."

కుడిచేత్తో ముద్ద చేసి ఆమె నోటికి అందించాను. వేలు ఆమె పెదవికి తగిలింది. వెచ్చగా అనిపించింది. ఆ వేలికి ఏదైనా తెలియడం అదే మొదలు. నేను నోరెళ్ళబెట్టాను. అయినా అలవాటుకొద్దీ ఎడమచేత్తో అవ్వను తాకి కళ్ళకద్దుకోబోయాను. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది కాలు కాదు, నీ వేలు. ఇంకో ముద్ద పెట్టు."