కుడివైపు కట్టు

విమలకుమారి నర్సు. 1975లో జెర్సీ సిటీ వచ్చి, నది ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రిలో ఎముకల వార్డులో చేరింది. భర్త సత్యానందం ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. ఆ రోజుల్లో మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో, మధ్యాహ్నం రెండింటికి జరిగేది. ఆమెను నేనెరిగింది అక్కడే. ముందు వరసలో కూర్చునేది, తక్కువ మాట్లాడేది. ఆమెకు ఓడ తెరచాపలు కుట్టడం వచ్చని మాలో ఎవరికీ చాలాకాలం తెలియదు.

ఆమె తండ్రి దానియేలు తాళ్ళరేవులో ఆ పనే చేసేవాడు. అటువైపు ఇంకా చెక్క ఓడలు కడుతున్న కాలం అది. కొడుకులు లేక కాదు, వాళ్ళకు ఓపిక లేక, దబ్బనం కూతురి చేతికిచ్చాడు. పదేళ్ళకే ఆమె అరచేతికి తోలు పట్టీ కట్టుకుని మూడు పొరల కాన్వాసులోంచి దబ్బనం దింపేది. తర్వాత ఓడలకు ఇంజన్లు వచ్చాయి. ఆమె నర్సింగులో చేరింది. ఆ పని అక్కడితో ఆగిపోయింది.

1981లో వార్డులోకి హాలరన్ అనే పెద్దాయన వచ్చాడు. అరవై నాలుగేళ్ళు, తుంటి విరిగింది. రేవులో పడి ఉన్న 'మార్తా వింటర్స్' అనే పాత తెరచాప ఓడను కొంతమంది వాలంటీర్లు బాగుచేస్తున్నారు. వాళ్ళకు తాళ్ళ పని నేర్పే పెద్ద ఈయన. డెక్ మీద జారిపడ్డాడు. మంచం మీద ఊరికే ఉండలేక కాన్వాసు సంచీ ఒకటి కుట్టుకుంటున్నాడు. బీపీ చూడడానికి వచ్చిన విమలకుమారి ఆ కుట్టు చూసి ఆగింది.

"కుట్లు ఎడంగా పడుతున్నాయి. గాలికి విడిపోతుంది," అంది.

"ఇది బట్టల సంచీ, నర్స్. దీనికి గాలెక్కడిది?"

"చెయ్యి అలవాటు చెడిపోతుంది," అని ఆయన చేతిలోంచి తీసుకుని ఆరు కుట్లు వేసి ఇచ్చింది.

హాలరన్ ఆ ఆరు కుట్లనూ వేలితో తడిమి చూశాడు. ఇంటికెళ్ళిన నెలకు చేతికర్రతో మళ్ళీ వార్డుకొచ్చి, ఓడకు పందొమ్మిది తెరచాపలు కుట్టాలి, వస్తావా అని అడిగాడు.

వెళ్ళింది. అప్పటినుంచి నాలుగేళ్ళు, డ్యూటీ లేని ప్రతి శనివారమూ వెళ్ళింది. మార్తా వింటర్స్‌కు మూడు స్తంభాలు. ముందు రెండింటికీ అడ్డంగా, ఒకదాని పైన ఒకటిగా దూలాల్లాంటి కొయ్యలు. వాటికి నాలుగు మూలల తెరచాపలు వేలాడతాయి. తెరచాపను విప్పాలన్నా చుట్టాలన్నా మనుషులు ఆ అడ్డకొయ్య మీదికి వెళ్ళాలి. దాని కింద పొడవునా ఒక తాడు వేలాడుతుంది. దాని మీద నిలబడి, పొట్ట కొయ్యకు ఆనించి, రెండు చేతులతో పని చేస్తారు. కాలితాడు అనేది విమలకుమారి దాన్ని. ఆ తాడు రెండు కొసలనూ తారు పూసిన పురికొసతో గట్టిగా చుట్టి కొయ్యకు బిగిస్తారు. తాడు మీద నిలబడ్డ మనిషి ప్రాణం ఆ కట్టులో ఉంటుంది. తెరచాపల కుట్టుపని ఒక దారికి వచ్చాక ఆ కట్లు కూడా ఆమే కట్టడం మొదలుపెట్టింది. కొయ్యలన్నీ అప్పటికింకా రేవు గట్టు మీదే ఉండేవి కాబట్టి ఆమె పైకి ఎక్కాల్సిన అవసరం రాలేదు. ఎత్తు అంటే ఆమెకు భయం. ఆ సంగతి అందరికీ తెలుసు.

వాళ్ళ బిల్డింగులోనే మూడో అంతస్తులో రామమోహన్ ఉండేవాడు. తెనాలి వైపువాడు. ట్రైనెక్కి మన్‌హాటన్ వెళ్ళి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్ల మీద పని చేసేవాడు. ఒకసారి ఆమెతోపాటు ఓడ చూడ్డానికి వెళ్ళి, స్తంభం సగం దాకా ఎక్కి దిగి, మరుసటి శనివారం ఆమెకంటే ముందే తయారై నిలబడ్డాడు. భార్య రాధారాణికి ఇష్టం లేదు. "సిస్టర్ గారు ఉంటారుగా, నీకెందుకు భయం?" అనేవాడు.

1985 సెప్టెంబరులో ఒక శనివారం ఓడను మొదటిసారి రేవులోంచి బయటకు తీశారు. వచ్చే ఏడాది జూలైలో హార్బర్‌లో తెరచాప ఓడల ఊరేగింపు ఉంది. దానిలో చేరాలంటే ముందు ఓడ నీళ్ళలో తెరచాపలు విప్పి చూపించాలి. టగ్ బోటు లాక్కెళ్ళి స్వేచ్ఛా విగ్రహానికి దిగువన వదిలింది. లంగరు వేశారు. ఉదయం పదిన్నర. నైరుతి గాలి కొంచెం కొంచెంగా పెరుగుతోంది.

ముందు స్తంభం మీద, డెక్కుకు డెబ్బై అడుగుల ఎత్తున ఉన్న కొయ్యకు కుడివైపు ముగ్గురు వెళ్ళారు. స్తంభం పక్కన పామ్ అనే స్కూలు టీచరు, మధ్యలో ఫైర్‌మన్ డెన్నిస్, చివర రామమోహన్. ఎడమవైపు మరో ముగ్గురు. అందరి నడుములకూ బెల్టులున్నాయి. కొయ్య మీది ఇనపకడ్డీకి బెల్టు కొక్కెం తగిలిస్తారు. అయితే పక్కకు జరగాలంటే కొక్కెం తీసి మళ్ళీ తగిలించుకోవాలి.

విమలకుమారి కింద డెక్ మీద కూర్చుని ఒక చిరుగు సరిచేస్తోంది. పురికొస ఉండలోంచి మూర పొడుగు లాగింది. తెగింది. ఎక్కడైనా ఒరుసుకుందేమో అనుకుని మళ్ళీ లాగింది. మళ్ళీ తెగింది. ఈసారి వేళ్ళతోనే, బలమేమీ పెట్టకుండా. ఉండ లోపలి పొరలు నల్లటి తారు రంగు పోయి గోధుమరంగుకు తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. ఎవరో దానంగా ఇచ్చిన పాత సరుకు. ఏ షెడ్డులో, ఏ బ్యాటరీల మీద పడుందో, అడుగునుంచి ఆసిడ్ పీల్చుకుని లోపల చివికిపోయింది.

ఆమె తలెత్తి చూసింది. పైన వాళ్ళు నిలబడ్డ తాడుకు లోపలి కొస కట్టు, స్తంభం పక్కది, కుడివైపుది, ఈ ఉండతోనే కట్టింది. కిందటి వారం గురువారం, కొయ్యను గట్టు మీంచి పైకెక్కించే ముందు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి కట్టింది. ఎడమవైపుది కట్టినప్పుడు ఉండ పైపొరలు. అవి లాగి చూసుకుంది, గట్టిగా ఉన్నాయి. కుడివైపుకు వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతుంటే, ఒకటే ఉండ కదా అని చూడలేదు. తండ్రి మూరకొకసారి లాగి చూసేవాడు. ఆమె చూడలేదు.

అరవబోయి నోరు మూసుకుంది. అరిస్తే ముగ్గురూ ఒకేసారి కొక్కేలు తీసి స్తంభం వైపు వస్తారు. ముగ్గురి బరువూ ఆ కట్టు మీదే పడుతుంది.

హాలరన్ దగ్గరికి వెళ్ళి తెగిన పురికొస ఆయన అరచేతిలో పెట్టింది. "ముందు స్తంభం, కుడివైపు లోపలి కట్టు. నేనే కట్టాను," అంది. ఆయన మొహం పాలిపోయింది. తుంటి మీద చెయ్యి వేసుకుని పైకి చూశాడు. ఎక్కగలిగినవాళ్ళందరూ అప్పటికే పైనున్నారు.

"కొత్త తాడివ్వండి," అంది విమలకుమారి. "ఎక్కడ కట్టాలో నాకు తెలుసు."

"నువ్వెప్పుడూ ఎక్కలేదు."

"తెలుసు."

హాలరన్ చిటికెన వేలంత లావు తాడు ఆమె భుజాన వేసి, ఎక్కేటప్పుడు నిలువు తాళ్ళనే పట్టుకో, అడ్డం వాటిని పట్టుకోకు అని మాత్రం చెప్పాడు.

తాళ్ళ నిచ్చెన మొదట్లో వెడల్పుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. పాదం పట్టేంత చోటు ఉండదు. ఆమె కళ్ళు ఎదురుగా ఉన్న తాడు మీదే పెట్టి ఎక్కింది. ఆగితే ఇంక కదలలేనని తెలిసి ఆగలేదు. అప్పుడే పక్కనుంచి స్టేటెన్ ఐలండ్ ఫెర్రీ వెళ్ళింది. దాని వెనక అల తెల్లగా విచ్చుకుంటూ ఓడ వైపు బయలుదేరింది. డెక్ మీద అయితే ఆ అల తెలియను కూడా తెలియదు. డెబ్బై అడుగుల పైన స్తంభం ఊగుతుంది.

కొయ్య దగ్గరికి చేరి చూసింది. పదకొండు చుట్లలో నాలుగు తెగి వెంట్రుకల్లా వేలాడుతున్నాయి.

"ఏమైంది?" అంది పామ్. అడుగున్నర దూరంలో ఉంది.

"చిన్న రిపేరు. ఇక్కడే ఉండు, కదలకు."

తర్వాత చివర ఉన్న అతన్ని పిలిచింది. "రామమోహన్ గారూ! తెలుగులో చెబుతున్నాను. మొహం మామూలుగా పెట్టండి."

అతను కొయ్య మీదుగా వంగి నవ్వాడు. "ఏంటి సిస్టర్, మీరు పైకొచ్చారు? హైట్స్ అంటే భయమన్నారుగా!"

"మీరు నిలబడ్డ తాడుకి ఇటువైపు కట్టు తెగిపోతోంది. మళ్ళీ కడుతున్నాను. పొట్ట కొయ్య మీద వాల్చి బరువంతా చేతుల మీదికి తీసుకోండి. హుక్ తగిలించి ఉందా?"

అతని నవ్వు అలాగే ఉంది గాని రంగు పోయింది. "లేదండీ. వెనక్కి వద్దామని ఇప్పుడే తీశాను."

"నెమ్మదిగా తగిలించండి. కాళ్ళు కదపొద్దు."

"వీళ్ళకి చెప్పరా?"

"చెబితే ఒక్కసారే ఇటు తోసుకొస్తారు. మీరు చివరున్నారు, ఎలాగూ అందరికంటే ఆఖరున రావాలి. అందుకే మీకు చెబుతున్నా."

అతను కొక్కెం తగిలించిన చప్పుడు వినిపించింది.

ఆమె ఎడమ మోచేతితో నిచ్చెనను వాటేసుకుని, కొత్త తాడును కాలితాడు కొసలోంచి దూర్చి, కొయ్య చుట్టూ తిప్పింది. ఒకటి. రెండు. మూడోది వేస్తుండగా కింద హాలరన్ గొంతు, "అల వస్తోంది!" అని. ముడి వేయడానికి వ్యవధి లేదు. కొసను ఎడమ అరచేతికి రెండుసార్లు చుట్టుకుని పిడికిలి బిగించింది.

స్తంభం కుడికి వాలింది, మళ్ళీ ఎడమకు. పాత కట్టు పటపటమని విడిపోయింది. కాలితాడు జానెడు కిందికి జారి ఆగింది. పామ్ కేక పెట్టింది. ముగ్గురి బరువూ ఆమె వేసిన మూడు చుట్ల మీద, ఆ చుట్ల కొస ఆమె పిడికిలి మీద పడింది. వేళ్ళ మధ్య ఏదో విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వదల్లేదు. స్తంభం ఇంకా రెండుసార్లు ఊగి నిదానించింది.

"నాయనా, ఉన్నావా?" అని అరిచింది. ఎప్పుడూ మీరు అనే మనిషి.

"ఉన్నానమ్మా," అన్నాడు రామమోహన్.

కుడిచేత్తో, పళ్ళతో పట్టి ఇంకో ఐదు చుట్లు వేసి ముడి బిగించింది. తన కాలు దాని మీద వేసి తొక్కి చూసింది. అప్పుడు ఒక్కొక్కరినీ పిలిచింది. పామ్, డెన్నిస్, ఆఖరున రామమోహన్. ఎడమవైపువాళ్ళు కూడా దిగారు. అందరూ దిగాక ఆమె దిగడానికి పావుగంట పట్టింది. డెన్నిస్ మళ్ళీ సగం ఎక్కి, ఆమె పాదాలను ఒక్కొక్కటే పట్టుకుని మెట్టు మీద పెట్టి దించాడు.

చేతికి కట్టు కడుతూ హాలరన్ మెల్లగా అన్నాడు: "పాత సరుకు, చెడిపోయింది. అంతే. మిగతాది ఎవరికీ తెలియనక్కర్లేదు. తెలిస్తే వాలంటీర్లు ఒక్కరూ రారు. ఊరేగింపు పోతుంది."

విమలకుమారి లేచి నిలబడి డెక్ మీద ఉన్న పద్నాలుగు మందినీ పిలిచింది. ఉండ పైకెత్తి చూపించి, ఆ కట్టు తను కట్టిందనీ, పురికొస పరీక్ష చెయ్యలేదనీ, ఆ సంగతి పైన పామ్‌కూ డెన్నిస్‌కూ కావాలనే చెప్పలేదనీ చెప్పింది.

డెన్నిస్ తల వంచుకున్నాడు. పామ్ మాత్రం ఊరుకోలేదు. "నా కాళ్ళ కింద ఏముందో నాకు చెప్పవా? వాడికి చెప్పావు, మీ భాషలో. నాకు చెప్పలేదు!" అంది. పామ్ ఆ రోజు తర్వాత ఓడకు రాలేదు. విమలకుమారి రాసిన రెండు ఉత్తరాలకు బదులివ్వలేదు.

ఇంట్లో సత్యానందం ఒక్కటే అన్నాడు, "ఇంక ఆ ఓడ మొహం చూడకు." చేతికి ప్లాస్టర్ తీసేదాకా ఆగి, తీసిన మర్నాడే వెళ్ళింది. ఆ చలికాలమంతా ఓడ మీద తను కట్టిన ప్రతి కట్టునూ, నూట పన్నెండింటిని, కోసేసి మళ్ళీ కట్టింది. స్తంభాల మీద ఉన్నవాటికి తనే ఎక్కింది. భయం పోలేదు. ఎక్కేముందు ప్రతిసారీ వాంతి వచ్చేదని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది.

రామమోహన్ రెండు నెలలు ఓడ దగ్గరికి రాలేదు. నవంబరులో కూతురు పుట్టింది. ఆ తర్వాతి శనివారం రేవుకొచ్చి, ఆమె పక్కన కూర్చుని మైనం ముద్ద అందుకున్నాడు.

"మీరు నన్ను ఒక్క మాటైనా అనలేదు," అంది ఆమె.

"అక్కడ పైనున్నప్పుడు అన్నానండీ, మనసులో. చాలా బూతులు." కొంచెంసేపు దారానికి మైనం రుద్దాడు. "ఇంక పైకి మాత్రం ఎక్కను. రాధకు మాటిచ్చాను. కిందేమైనా పనుంటే చెప్పండి."

1986 జూలైలో మార్తా వింటర్స్ ఊరేగింపులో నడిచింది. ఎక్కేవాళ్ళు చాలక పందొమ్మిదికి పదమూడు తెరచాపలే విప్పగలిగారు. విమలకుమారి ఆ రోజు ఉదయం ఐదింటికే అన్ని కొయ్యలూ ఎక్కి కట్లు లాగి చూసి, పదకొండింటికి డ్యూటీ ఉందని ఆసుపత్రికి వెళ్ళిపోయింది.