ఒర్వియెతోలో చోప్ చేసిన టేబుల్

ఆ రోజుల్లో సింగపూర్లో మాకు తీరిక అంటే భయం. ఏడాదికో ఉద్యోగం మారకపోతే మనిషిలో ఏదో లోపముందనుకునే కాలం. అన్నం తింటున్నా, ఊరు చూస్తున్నా నా ధ్యాస తరువాతి పని మీదే. అలాంటి నన్ను సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసు రెండు వారాల పని మీద రోముకు పంపింది, అక్కడే పనిచేసే నా రూమ్మేట్‌ను తోడిచ్చి. అతన్ని అందరం నిదానమన్న అనేవాళ్లం (లిఫ్ట్ తలుపు మూసుకుపోతుంటే పరుగెత్తని మనిషి సింగపూర్ మొత్తంలో అతనొక్కడే).

తిరుగు ప్రయాణానికి ముందురోజు రైలెక్కి, కొండమీది ఒర్వియెతో ఊరు చూడబోయాం. చూడవలసినవి తొమ్మిది కాగితం మీద రాసుకున్నాను. మొదటిది ఒక పాత బావి. దిగడానికో మెట్లవరస, ఎక్కడానికి మరొకటి. పక్కనే కాఫీ హోటల్ బయట ఒక్క టేబుల్ ఖాళీగా ఉంది. "నువ్వు టికెట్లు తియ్యి, నేనొస్తా" అన్నాడు అన్న. బావి అడుగుకు దిగాక చూస్తే అతని భుజాన సంచి లేదు.

"అన్నా, పాస్‌పోర్ట్ సంచేదీ?"

"టేబుల్ మీదుందిరా. చోప్ చేసొచ్చా. కాఫీ తాగాలిగా."

సింగపూర్లో మా హాకర్ సెంటర్లలో, అంటే తిండి అంగళ్ల దగ్గర, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టో ఆఫీసు కార్డో పెట్టి వెళితే ఆ సీటు మనదే, ఎవరూ ముట్టుకోరు; దాన్నే చోప్ చేయడం అంటాం. టిష్యూలు అయిపోయాయని అన్న సంచే పెట్టాడు.

"రేపు ఫ్లైటన్నా."

"తెలుసులేరా. మెల్లగా ఎక్కు, ఆయాసమొస్తది."

రెండు వందల పైచిలుకు మెట్లు ఎగబాకి వస్తే టేబుల్ లేదు, కుర్చీల్లేవు. మధ్యాహ్నం విరామానికి హోటలు మూసేశారు. తలుపు అద్దంలోంచి చూస్తే కౌంటర్ మీద సంచి, జిప్ తెరిచి ఉంది. మళ్లీ నాలుగింటికి తెరుస్తారని తలుపు మీద అట్ట. ఇంకా మూడు గంటలు.

"నువ్వెళ్లి మిగతా ఎనిమిదీ చూసి రారా" అన్నాడు అన్న, మెట్టు మీద చతికిలబడి.

"పాస్‌పోర్ట్ అందులో లేకపోతేనో?"

"ఇక్కడే ఉంటా. గాలి బావుంది."

వెళ్లలేక, కూర్చోలేక, అద్దానికీ మెట్టుకీ మధ్య తిరిగాను. అన్న మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ల నాన్న సైకిల్ షాపు గురించి, తంజోంగ్ పగార్‌లో తను మొదటిసారి దారి తప్పిన రోజు గురించి, ఇంకేవో. నేను గడియారం చూసుకుంటూ ఊఁ కొట్టాను. నాలుగున్నరకు హోటలావిడ వచ్చి, పాస్‌పోర్ట్‌లో ఫొటోనూ అన్న మొహాన్నీ రెండుసార్లు పోల్చుకుని, ఇటాలియన్లో తీరుబడిగా తిట్టి సంచి ఇచ్చింది. అన్న దండం పెట్టి, రెండు కాఫీలడిగాడు.

నిరుడు అన్న పోయాడు. సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా బాల్కనీలో కూర్చుని (ఇప్పుడు కూర్చోవడం వచ్చు) ఆ మధ్యాహ్నం అతను చెప్పినవి గుర్తు తెచ్చుకోబోతాను. తంజోంగ్ పగార్‌లో దారి తప్పడం వరకూ వస్తుంది. ఆ తరువాత నా ఊఁలే వినబడతాయి, ఒకదాని మీద ఒకటి, తొందర తొందరగా. నవ్వొస్తుంది.