పులిహోర డబ్బాలో బంతి

ఇంగువ పోపు వాసనకి అందరికీ ఆకలి పుడుతుందేమో కానీ, నాకు మాత్రం గుండె గుభేలుమంటుంది. ఈ ఉదయం, దేశం కాని దేశంలో, లోవర్ హట్ అనే ఈ ఊళ్ళోని మా ఫ్లాట్‌లో అన్నంలో చింతపండు గుజ్జు కలుపుతుంటే మళ్ళీ అదే జరిగింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళ ముందు రామ్మూర్తి గారు, ఆయన చేతిలో పసుపు అంటిన క్రికెట్ బంతి.

ఆయన నా మొదటి బాస్. చదువు ముగించి ఇక్కడి రక్తపరీక్షల ల్యాబ్‌లో చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆయనే. కాకినాడ మనిషి, మాట చల్లన. శాంపిల్ మీద లేబుల్ తప్పితే మాత్రం అగ్గి మీద గుగ్గిలమే. "తప్పు జరిగితే వెంటనే చెప్పెయ్యమ్మా. దాచావనుకో, అదేం మాయమైపోదు, ఇంకోళ్ళ పేరు మీదకి పోతుంది" అనేవారు. ఆ మాట నాకు వేదం.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, బంతులు. ఏ ఊళ్ళో మ్యాచ్ అయినా పెందలాడే వెళ్ళి, ప్రాక్టీసులో జనం కూర్చునే గడ్డి గట్టు మీదకొచ్చే బంతులు పట్టేవారు. పాతబడిన వాటిని ఆటగాళ్ళు ఆయనకే ఇచ్చేసేవారు. గరాజ్‌లో వాటికోసం ఒక అర ఉండేది. ఇక్కడ క్రికెట్ మొదలయ్యేది దసరా రోజుల్లోనే కాబట్టి ఆయుధపూజనాడు ఒక్కోదానికీ బొట్టు పెట్టేవారు. మధ్యలో ఒక చోటు మాత్రం ఖాళీ. అది అసలు మ్యాచ్‌లో ఆడిన బంతికి. క్రికెట్‌లో జనం మధ్య పడిన బంతిని తిరిగి విసిరెయ్యాల్సిందే కదా! "పట్టేదీ మనమే, ఇచ్చేసేదీ మనమేనా! ఇదేం న్యాయమమ్మా?" అని ఆ ఖాళీ వంక చూసి నిట్టూర్చేవారు.

ఒక శనివారం మ్యాచ్‌కి వెళ్ళి ఇద్దరం గడ్డి గట్టు మీద కూర్చున్నాం. పక్క దుప్పటి మీద సీనా అనే సమోవా దీవుల ఆవిడ, ఇద్దరు పిల్లలు. మాకు చిప్స్ ఇచ్చింది, కబుర్లు చెప్పింది. ఇంతలో ఒక సిక్సర్ మా తలల మీదుగా వెళ్ళి వెనక పొదల్లో పడింది. అందరూ పొలోమని వెతికారు, ఆయన కూడా వెళ్ళి వచ్చి కూర్చున్నారు. బంతి దొరకలేదన్నారు. అంపైర్లు ఇంకో బంతి తెప్పించే పనిలో పడ్డారు. నేను ఆకలేసి, మేము తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీశాను.

అన్నంలో సగం కూరుకుపోయి, ఎర్రటి బంతి!

"సార్! ఏంటి సార్ ఇది?"

"మూత పెట్టెయ్" అన్నారు, నా మొహం చూడకుండా. "వాళ్ళకేం, ఇంకోటి తెచ్చుకుంటారు. నాకు మళ్ళీ ఛాన్స్ రాదమ్మా."

ఈ మనిషేనా నాకు నీతులు చెప్పింది అనిపించింది. మూత పెట్టేశాను. అంతలో సెక్యూరిటీ అతను వచ్చాడు. బంతి ఇటే పడిందని ఎవరో చెప్పారట. మమ్మల్ని దాటి, సమోవా మనిషని కాబోలు, తిన్నగా సీనా దగ్గరికి వెళ్ళి, బ్యాగు తెరవమన్నాడు. ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. బ్యాగు గడ్డి మీద బోర్లించింది. డైపర్లు, పాలసీసా, పిల్లల సాక్సులు. పిల్లలిద్దరూ అమ్మ వంకే చూస్తున్నారు.

రామ్మూర్తి గారు లేచారు. డబ్బాలో చెయ్యి పెట్టి బంతి తీసి, గట్టు దిగి, బౌండరీ తాడు దాటి, మైదానం మధ్యకి నడిచారు. ఆయన బంతిని రెండు చేతులతో పైకెత్తి, అందరికీ వినబడేలా ఇంగ్లీషులో అరిచారు: "నేనే దాచాను! ఆవిడకేం సంబంధం లేదు!"

బంతి కుట్ల మధ్య కరివేపాకు ఇరుక్కుని ఉంది. అంపైర్ దాన్ని తీసి, వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత గోల, ఈలలు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ సీజనంతా గ్రౌండుకి రావద్దని చెప్పి ఆయన్ని బయటికి పంపేశారు. వెళ్తూ సీనా ముందు ఆగి చేతులు జోడించారు. ఆవిడ కరగలేదు. "నా పిల్లలు చూస్తుండగా బ్యాగు బోర్లించాను" అంది, అంతే. ఆయన తల వంచుకుని ఆ మాట పూర్తిగా విన్నారు. సోమవారం ల్యాబ్‌లో టీ దగ్గర అందరికీ తానే చెప్పారు, ఒక్క ముక్క తగ్గించకుండా.

ఆయన పోయాక వాళ్ళింటికి వెళ్ళాను. అరలో ఆ చోటు ఖాళీగానే ఉంది. అక్కడ మాత్రం దుమ్ము లేదు. తుడుస్తూనే ఉండేవారట.

నిన్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, లేబుల్స్ మారిపోయాయి. ఇంకా ఎవరూ చూడలేదు" అంది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. "ఎవరి పేరు మీద పడింది? పద, ముందు వాళ్ళకి ఫోన్ చేద్దాం" అన్నాను.

ఈ పులిహోర ఆ అమ్మాయికే.