సారు చెయ్యి పట్టుకుంటే

చిన్న ముచ్చటే, చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. నేను చేసిన ఒక్క ఫోన్‌కు ఊరు ఊరంతా వణికిపోయింది. అంతకంటే ముందు మా పక్కింటి సత్తెమ్మ సంగతి వినండి. ఫ్రిజ్ కొన్నది, కరెంటు బిల్లు వస్తుందని ఆన్ చెయ్యకుండా దాంట్లో పట్టుచీరలు పెట్టుకున్నది! సరే, అది వేరే ముచ్చట.

మా మాజీ ఎమ్మెల్యే సారు అప్పటికి ఒకసారి గెలిచి, రెండుసార్లు ఓడాడు. గెలిచినన్నాళ్లు హైదరాబాద్ వదల్లేదు. ఓడాక చావులు వదల్లేదు. ఎవరింట్లో ఎవరు పోయినా తెల్ల కారు వచ్చి ఆగేది. సారు దిగి, ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని, "ధైర్యంగ ఉండాలె" అనేవాడు. మా ఊరి కబురు అందించేది నేనే. కిరాణా కొట్టు నాది కదా, ఎవరు పోయినా అగరుబత్తీలు నా దగ్గరే కొనాలి.

ఒకసారి డ్రైవర్ ఇల్లు తప్పాడు. అక్కడ మల్లయ్య అరుగు మీద పల్లికాయ ఒలుస్తున్నాడు. సారు ఫోన్ మాట్లాడుతూనే మల్లయ్య చెయ్యి పట్టుకుని, "ధైర్యంగ ఉండాలె" అని వెళ్లిపోయాడు. మర్నాడు మల్లయ్య లేవలేదు.

అప్పటినుంచి ఆ కారు మలుపు తిరిగితే చాలు, పట్టపగలే వాడ ఖాళీ. కుక్కలు కూడా మొరగవు. ఇలాంటివి నేను నమ్మను. తలుపు మాత్రం వేసుకునేదాన్ని.

మొన్నటి ఎన్నికల ముందు ఏసోబు తాత ఇంటి ముందు షామియానా కనబడింది. తాత చాలా రోజులుగా మంచంలో ఉన్నాడు. తెల్లచీరల ఆడవాళ్లు, పాస్టరు గారు, పాటలు. వెంటనే సారు మనిషి శీనుకు ఫోన్ కొట్టాను.

"తమ్మీ, ఏసోబు తాత పోయిండు."

"పక్కానా అక్కా?"

"పాటలు ఇనబడుతున్నయి, ఇంకేం గావాలె నీకు?"

సారు దండతో దిగాడు. కారు ఆగగానే పాట ఆగింది. ముందు కుర్చీలో, కొత్త చొక్కాలో, తాత! అది తాత కోలుకున్నందుకు పెట్టుకున్న ప్రార్థన. ఫోన్ చెవికి ఆనించుకున్న సారు ఏమీ చూడలేదు. దండ తాత కాళ్ల దగ్గర పెట్టి, చెయ్యి పట్టుకున్నాడు.

"ధైర్యంగ ఉండాలె."

"ఎవలు పోయిండ్రు సారూ?" అన్నాడు తాత.

సారు తలెత్తి తాత మొహంలోకి చాలాసేపు చూశాడు. గాలి లేదు, అయినా షామియానా అంచు కొట్టుకుంటోంది.

"నువ్వు గాదా?" అన్నాడు మెల్లగా.

సాయంత్రం తాత భార్య రూతమ్మ నా కొట్టుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, దానికే ఎక్కువ భయమేసింది.

"సారు గిప్పుడు గిట్ల ఓడిపోతే?" అంది.

"ఇంకో ఐదేండ్లు వస్తనే ఉంటడు పెద్దమ్మా."

"గెలిస్తే?"

"గెలిచినోడు ఎన్నడన్న వచ్చిండా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మర్నాడు తాత లేచాడు గానీ, ఆ రోజు నుంచే ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఎవరికీ రెండోమాట చెప్పాల్సిన పని పడలేదు. ఎదుటి పార్టీ జెండా మోసే మా మరిది కూడా నోరెత్తకుండా సారుకే ఓటు గుద్దాడు.

సారు గెలిచాడు. మళ్లీ మా ఊరికి రాలేదు. అప్పటినుంచి మా ఊళ్లో ఒక్కరూ పోలేదు. మంచాన పడ్డవాళ్లు కూడా. నిన్న మా అత్త మంచంలోంచే, "సారుకు ఒక్కపారి ఫోన్ కొట్టు బిడ్డా, జర వచ్చి పొమ్మను" అంది.

వెంటనే కొట్టాను. ఎత్తలేదు.