మాతృభాష గడి: పుంగనూరు మీదుగా కుప్పం

బుధవారం ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాం, నేనూ మా తమ్ముడి కూతురు హారికా. హారిక ఇక్కడే బి.ఏ. రెండో సంవత్సరం. తరగతి బయట చేయాల్సిన ప్రాజెక్టు ఒకటి పడింది. పుంగనూరులో పన్నెండు మందిని, కుప్పంలో పన్నెండు మందిని కలిసి, ఎవరి మాతృభాష ఏదో ఫారాల్లో రాసుకురావాలి. గురువారం సాయంత్రం నాలుగుకు లెక్చరరుకు అందాలి. ఇందులో తప్పితే చదువు మాన్పించి తిరుపతిలో కంప్యూటర్ కోర్సులో చేర్పిస్తానని మా తమ్ముడు తేల్చి చెప్పాడు. ఊళ్లు తిరగడం చదువెట్లా అవుతుందని అతని వాదన. నేనూ బి.ఏ.నే, నాలుగు గోడల మధ్య బట్టీ పట్టి పాసైనదాన్ని. అందులో ఎంత మిగిలిందో నాకు తెలుసు కాబట్టి, తోడు నేనే పోతానన్నాను.

ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. హారిక దాన్ని బ్యాగు అడుగున పెట్టింది. కండక్టరు రెండుసార్లు అడిగినా నోరు విప్పదు. ఈ పిల్ల ఇరవై నాలుగు మందిని ప్రశ్నలడుగుతుందా అనిపించింది.

ఏడున్నరకు పుంగనూరు. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్లు. ఎనిమిదికి పని మొదలైంది. హారిక ఫారంలోంచి కళ్లెత్తకుండా "మీ మాతృభాష ఏది?" అని చదివేది. వాళ్లు ఒక మాట చెప్పేవాళ్లు, ఈమె గడిలో ఆ మాట రాసేది. పరుపులు కుట్టే మస్తాన్ సాహెబ్ సూది ఆపి, ఉర్దూ అని, ఇంకేదో చెప్పబోయాడు. ఈమె అప్పటికే గడి నింపి లేచింది.

"కూసోమ్మా, నా మాట ఇంకా కాలేదు" అన్నాడాయన. మేం కూర్చోలేదు. పదకొండుకల్లా పన్నెండు ఫారాలూ నిండాయి. వేగంగా ముగించిందని నేనూ మెచ్చుకున్నాను.

కుప్పానికి పలమనేరులో బస్సు మారాలి. అక్కడ రాగి సంగటి, నంజుకోడానికి చెనక్కాయల ఊరిబిండి తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్లు కూడా అక్కడే తినండి, ఆ తర్వాత బస్సు ఆగేది టీకి మాత్రమే. రెండో బస్సులో నా పక్కనామె కండక్టరుతో తెలుగు, ఫోనులో కన్నడం, ఒళ్లో పిల్లతో తమిళం మాట్లాడింది. వింటూ నిద్రపోయాను.

మూడున్నరకు కుప్పం. స్టేషను దగ్గర లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, బకెట్ ఉంది, చెంబు లేదు. నాలుగుకు మొదట కలిసింది బస్టాండు పక్కన పూలు కట్టే మునెమ్మను. ప్రశ్న విన్నా ఆమె చేతులు ఆగలేదు.

"మాతృభాషంటే అమ్మ భాష గదా. మాయమ్మది అరవం."

హారిక తమిళం అని రాసింది. ఏం రాశావని మునెమ్మ అడిగి తెలుసుకుంది.

"అది మాయమ్మకు రాయి, ఆయమ్మ పొయ్యి పదేండ్లాయ. నాది గావాలంటే నన్నడుగు. మొగునితో తెలుగు, అత్తతో కన్నడం. కోపమొస్తే మటుకు అరవంలోనే తిడతా. గడి సూస్తే ఇంత సన్నంగా ఉండాదే."

 హారిక ఫారం తిప్పి వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. మిగిలిన పదకొండు మందినీ ఇంట్లో ఎవరితో ఏ భాష మాట్లాడతారని అడిగింది. ఒక్కరి జవాబూ గడిలో పట్టలేదు.

"అత్తా, పుంగనూర్లో గూడా అందురూ వాళ్లమ్మలది జెప్పినారేమో" అంది గదికి వస్తూ.

"అట్లే ఇచ్చెయ్ పాపా. మీ సారు గడులు లెక్కబెడతాడు గానీ, వాళ్లమ్మల్ని అడగబోతాడా?" అన్నాను. చదువు విలువ గురించి తమ్ముడితో వాదించి వచ్చినదాన్ని నేనే.

గురువారం ఎనిమిదికి కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, పదకొండుంబావుకు పుంగనూరు చేరాం. అదే బస్సులో కూర్చుంటే పన్నెండున్నరకల్లా మదనపల్లె. హారిక లేచి నిలబడింది.

"నువ్వు పో అత్తా. నేను మల్లా అడగాల."

నాకు కోపమొచ్చింది. అయినా దిగాను.

ఈసారి ఆమె మస్తాన్ సాహెబ్ ముందు నేల మీద కూర్చుని, ఫారం తీయకుండానే, ఇంట్లో ఎవురితో ఏం మాట్లాడతారు సాహెబూ అని అడిగింది. ఆయన చాలా చెప్పాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అనే అనుకుంటారట, ఉర్దూ మాస్టరు అది ఉర్దూ కాదంటాడట. బేరమంతా తెలుగులోనేనట.

"మనవరాల్ని ఉర్దూలో పిలిస్తే తెలుగులో పలుకుతాది. దానికి యే భాషని రాసేదో నాకూ తెలవదమ్మా."

మూడు గంటలకు ఇంకా ఐదుగురు మిగిలారు. లెక్చరరుకు నన్ను ఫోను చేయమంటుందేమోనని చూశాను. తనే చేసింది. పన్నెండు ఫారాలు ఎందుకు తప్పో చెప్పింది. రేపు పొద్దున తీసుకు రమ్మన్నాడు, ఆలస్యానికి మార్కులు కోస్తానన్నాడు. ఆమె సరేనని, మిగిలిన ఐదుగురి కంటే ముందు, నిన్న తను జంకి తప్పుకుపోయిన చింతపండు కొట్టే ఆడవాళ్ల గుంపు వైపు నడిచింది.

ఐదున్నర బస్సులో సీట్లు దొరికాయి. దారిలో తమ్ముడు నాకు ఫోను చేశాడు. నాలుగుకు అందలేదని కాలేజీలో అడిగి అప్పటికే తెలుసుకున్నాడు.

"నువ్వు పక్కనుండి ఏం జేస్తాండావక్కా?"

"బ్యాగు మోస్తాండా" అన్నాను.

రాసింది ఇచ్చేస్తే పోయేదానికి మార్కులు పోగొట్టుకోవడం ఎందుకని అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది గానీ అది నాది కాదు. ఫోను హారికకిచ్చాను. మునెమ్మ దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకుపోయింది. బస్సు మదనపల్లె పొలిమేరకు వచ్చినా ముగియలేదు. అవతల మా తమ్ముడు ఫోను పెట్టేయలేదు.