లంకలో పాప ఇంటి గుర్తు

నేను చేసిన మొదటి పటంలో కోనసీమ మంచు సముద్రంలో తేలింది. అక్షాంశం ముందు రాయాలా, రేఖాంశం ముందు రాయాలా అన్నది ఒక్కో సాఫ్ట్‌వేరు ఒక్కోలా అడుగుతుంది. ఇదేం తిక్కో నాకిప్పటికీ అర్థం కాదు. నేను తారుమారుగా రాశాను, అంతే, మా కొబ్బరితోటలన్నీ పోయి ఉత్తర ధ్రువం పక్కన కూర్చున్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, అయితే ఈ వేసవికి మనకి ఏసీ అక్కర్లేదన్నమాట అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకునేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నేను లెక్కల మాస్టార్ని. అమలాపురంలో ఉంటూ ఐనవిల్లి వైపు ఒక హైస్కూల్లో పనిచేస్తాను. వెబ్‌సైట్లు చెయ్యడం నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, వాటిని తిట్టుకుంటూ నేర్చుకున్నాను. సరదాకి మొదలుపెట్టిన పని మా స్కూలుకి ఎదురుగా గోదావరి మధ్యలో ఉన్న లంక వల్ల అవసరంగా మారింది. అంతకు ముందటి ఏడు వరదకి మందులూ పాలపాకెట్లూ పట్టుకుని బయటూరి వాళ్ళు పడవలో వెళ్ళి, ఏ ఇల్లు ఎవరిదో తెలియక సగం రోజు తిరిగారు. ఆశా కార్యకర్త దగ్గర ఒక జాబితా ఉంది గానీ, అందులో చిరునామాలు “పెద్ద తోట వెనక”, “పాత రేవు దాటాక” అని ఉన్నాయి. ఏ పెద్ద తోట? లంకంతా తోటే కదా! ఆ కాగితం చూస్తే ఒళ్ళు మండిపోయి, పటం నేను చేస్తానన్నాను. ఫోనులో ఇంటి గుర్తు మీద వేలు పెడితే ఆ ఇంట్లో ఎవరున్నారో, వాళ్ళకి ఏ మందు కావాలో కనబడాలి. అదీ నా పథకం.

ఆ జాబితాలో ఎర్రసిరాతో గీత గీసిన ఇల్లు ఒక్కటే. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే ఒకావిడా, ఆమె ఎనిమిదేళ్ళ కూతురూ ఉండే ఇల్లు. పాపకి షుగరు. పూటపూటా ఇన్సులిన్ సూది పడకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు, తడి ఇసుక పోసిన కుండలో మందు సీసా పెట్టుకుంటారు. వరదొచ్చి రేవు ఆగిపోయాక సీసా నిండుకుందంటే ఇక దేవుడే దిక్కు. నిజం చెప్పాలంటే నేను పటం చేసింది ఆ ఒక్క ఇంటి కోసమే.

వేసవి సెలవుల్లో లంకలో ఇల్లిల్లూ తిరిగాను. కొబ్బరిచెట్ల కింద ఫోను మన జాడ సరిగ్గా పట్టదు. నేను ఒకరి వాకిట్లో నిలబడితే తెర మీది నీలం చుక్క పక్క తోటలో ఉంటుంది, కాసేపటికి లంక మధ్యలోంచి పారే గోదావరి పాయకి అవతల ఉంటుంది. పోనీ శాటిలైటు ఫొటోలో చూద్దామంటే, కొబ్బరి మట్టలు తప్ప ఇళ్ళు కనబడితేనా! ఎక్కడైనా రేకుల కప్పు తళుక్కుమంటే ఇల్లు అదే అనుకుని గుర్తును వేలితో అక్కడికి జరిపేవాణ్ణి. సిగ్నలు అందక ఫొటో సగం వచ్చి ఆగిపోయేది. చూడమని ఫోను చేతికిస్తే ఒక పెద్దాయన రెండు వేళ్ళతో కెలికి భూగోళమంతా తెర మీదికి తెచ్చాడు. ఇంకొకాయన, మా ఇల్లు ఇక్కడ కాదండీ, ఇంకా దక్షిణానికి పోవాలండీ అని మొదలుపెట్టాడు. ఎండ, చెమట, దోమలు. పైనుంచి తీసిన ఫొటో కంటే నీకెక్కువ తెలుసా అని కసురుకున్నాను. ఆయన నోరు మూసుకున్నాడు.

ఆ తరవాత పని ఎంత సాఫీగా సాగిందో చెప్పలేను. ఇదేనా మీ ఇల్లు అంటే, “ఆయ్, అదేనండి.” సరిగ్గా ఉందా అంటే, “ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి.” కుర్చీ వేసేవారు, బొండం కొట్టి ఇచ్చేవారు. పాప వాళ్ళమ్మ కూడా ఫోను చూసి ఆయ్ అంది. రెండు రోజుల్లో లంకంతా అయిపోయింది. ఇంట్లో ఉండేవాళ్ళే ఒప్పుకున్నాక తప్పెక్కడుంటుందని ఇవతల గట్టుకొచ్చి అందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

ఆ వానాకాలం గోదావరి పెరుగుతోందని హెచ్చరికలు ఇస్తూనే ఉన్నారు. పాపని ముందే ఇవతలికి తీసుకొచ్చెయ్యమని ఆశా కార్యకర్త ఎంతో చెప్పింది. ఉన్న ఒక్క గేదెని ఎవరికీ అప్పజెప్పలేక, తల్లి రేపు రేపు అంటూనే ఉంది. ఆ రేపు రాకుండా నీళ్ళొచ్చాయి. సీసా ఇవాళ్టితో సరి అని ఆమె ఆశా కార్యకర్తకి ఒకసారి ఫోను చేసింది. తరవాత కరెంటు పోయి ఆ ఫోను మూగబోయింది. మర్నాడు పొద్దున్నే ఇన్సులిన్ని ఐసుపెట్టెలో పెట్టి పడవ పంపించాం. పడవాయన ఆ లంకలోనే పుట్టి పెరిగినవాడు. నేను గట్టు మీద గొడుగు కింద ల్యాప్‌టాపు పెట్టుకుని ఫోనులో దారి చెప్పాను. పాయ దాటించు, ఎడమకి తిప్పు, ఇంకా ముందుకి పో. ప్రతిదానికీ అతను ఆయ్ అన్నాడు. చాలాసేపటికి అతని గొంతు మళ్ళీ వినబడింది.

“వచ్చేసేనండి మాస్టారూ. ఇక్కడ మోటారు పాక ఉందండి, మనుషులెవరూ లేరండి. పాప వాళ్ళిల్లు పాయకి ఆ పక్కే ఉండిపోయిందండి. వెనక్కి వెళ్ళమంటారాండి?”

ఫొటోలో తళుక్కుమన్నది తోటకి నీళ్ళు తోడే మోటారు పాక రేకు. దాని మీద ఎర్ర గుర్తు పెట్టి, కింద పాప వివరాలన్నీ ముచ్చటగా రాసుకున్నాను. వెళ్ళు వెళ్ళు అని అరిచాను గానీ, వెనక్కి రావడమంటే ఎదురు ప్రవాహం. పడవ ఆ ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పాప పొద్దుటినుంచీ వాంతులు చేసుకుని, పిలిస్తే పలకని మగతలో ఉంది. తల్లి సూది వేశాక పడవాయన ఇద్దర్నీ ఎక్కించుకొచ్చాడు. గట్టు మీద అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు ఆ పిల్ల తల తల్లి భుజం మీద వేలాడిపోతోంది. చచ్చిపోతుందేమో అనుకున్నాను. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలియక పడవాయన మీద విరుచుకుపడ్డాను. ఆ ఇల్లు తెలిసి కూడా అంత దూరం ఎందుకు పోయావయ్యా అన్నాను.

“తవరు అటు అన్నారు కదండీ. వాళ్ళని అటు మార్చేరేమో, శాటిలైటులో కనబడిందేమో అనుకున్నానండి.”

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. దారి తెలిసినవాడికి దారి చెప్పడానికి నేనూ, అది వినడానికి అతనూ! మా ఊళ్ళ మర్యాద తగలెయ్య!

రెండో రోజుకి పాప తేరుకుందని తెలిసి ఆస్పత్రికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. తల్లి నన్ను చూడగానే లేచి, స్టూలుని చీర చెంగుతో తుడిచి వేసి, మీరు పడవ పంపబట్టి పిల్ల దక్కిందండి అని దణ్ణం పెట్టింది. నాకు సిగ్గూ చిరాకూ కలిసొచ్చాయి. దానికి ఆ గతి పట్టించింది నేనమ్మా అంటే వినదే! చివరికి, ఆ వేళ నేను ఫోనులో చూపించినప్పుడు గుర్తు తప్పని నీకు తెలిసిందా అని సూటిగా అడిగాను.

“తెలిసిందండి. పాయకి అవతల పెట్టేరండి.”

“మరి చెప్పలేదేం?”

“మా పక్కింటాయన చెప్పేరు కదండీ, ఆయన్ని కసురుకున్నారు. చదువుకున్నవారు, మా కోసం ఎండలో పడి తిరుగుతున్నారు. మళ్ళీ మీకు కోపం తెప్పించడం ఎందుకనండి.”

ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేరునీ, సిగ్నలునీ, కొబ్బరి మట్టల్నీ, లంకలో జనాన్నీ తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడైనా దిద్దుదామని ఫోను తీసి, గుర్తుని పాయకి ఇవతలికి లాగి, ఇక్కడేనా అని చూపించాను. ఆమె ముందు నా మొహం చూసింది. తరవాత ఫోను చూసింది. “ఆయ్, అక్కడేనండి” అంది.

“కాదు” అంది పాప. ఇడ్లీ అంటిన వేలితోనే గుర్తుని ఇంకాస్త కిందికి లాగింది. “అది రేవు. మా ఇల్లు ఇదిగో, ఇక్కడ.”

“మాస్టారు చెబుతుంటే కాదంటావా?” అని తల్లి ఆ చెయ్యి మీద ఒక్కటేసింది.

“కొట్టకు!” అని అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది. ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, తల దించుకుని నిలబడింది.

“ఆయ్” అంది.